మూడో కాలి కింద ఇసుక

కెలెరా ఎవర్నీ నమ్మదు. ఈ సంగతి కొరొవాతు ఊళ్ళో నడక రాని పిల్లలకి కూడా తెలుసు. బజారులో సబ్బు కొంటే ముందు వాసన చూసి, తర్వాత గోటితో గీకి, అప్పుడు గానీ సంచిలో వేసుకోదు. పాస్టరు గారు ఆదివారం ప్రార్థన కాస్త తొందరగా ముగిస్తే, ఈయన ఇంట్లో ఇవాళ ఏం ఉడుకుతోందా అని ఆ వంటింటి పొగ కేసి చూస్తుంది. ఎవరైనా పలకరిస్తే బదులు పలికే ముందు ఒక క్షణం ఆగుతుంది. ఆ క్షణంలో ఎదుటి మనిషికి తన జేబులో ఏముందో తనకే అనుమానం పుడుతుంది.

అది పుట్టుకతో వచ్చిన గుణం కాదు. భర్త వతిసోని చెరకు లారీ నడిపేవాడు. పక్క పట్నం తవువాలో ఇంకొక ఇల్లు పెట్టి, మూడేళ్ళ పాటు రెండిళ్ళ మధ్యా లారీ తిప్పి, ఒక రోజు ఆ ఇంటిదగ్గరే ఆపేశాడు. కెలెరా ఏడవలేదు. ఎవరెవరికి ఎప్పట్నుంచి తెలుసో ఆరా తీసింది. తీసిన కొద్దీ, ఊళ్ళో తెలియని మనిషంటూ తనొక్కతేనని తేలింది. వతిసోని చెల్లెలు ఉనైసి అయితే ఆ ఇంట్లో రెండు పండగలకి భోజనం చేసి మరీ వచ్చింది.

ఆ ఉనైసి రోజూ తనతో పాటు నదిలో మునిగే మనిషి. వైనికై నది అడుగున ఇసుకలో కూర వండుకునే ఆల్చిప్పలు, అరచేతంతవి, దొరుకుతాయి. పోటు తగ్గిన వేళ ఆడవాళ్ళు గోనెసంచి నడుముకి కట్టుకుని దిగుతారు. కాళ్ళతో తడిమి, మునిగి, చేతులతో తీసి, మర్నాడు బా పట్నం మార్కెట్లో కుప్పలు పోసి అమ్ముతారు. సముద్రం నుంచి సొరచేపలు పైకి ఎక్కొస్తుంటాయి కనక ఆ నదిలో ఎవరూ ఒంటరిగా మునగరు. కాబట్టి మొగుడి గుట్టు దాచిన ఆడపడుచు కనుచూపు మేరలో ఉంటేనే కెలెరాకి బతుకు. ఆరేళ్ళుగా ఇద్దరూ ఒకే రేవులో దిగుతున్నారు, ఒకే గట్టు మీద ఒళ్ళు ఆరబెట్టుకుంటున్నారు. ఎత్తిపొడుపులు తప్ప మాటల్లేవు.

నేల మీద మనుషుల్ని నమ్మడం మానేశాక కెలెరా నీళ్ళ కింది నేలని నమ్ముకుంది. రేవు పక్కనే పట్నం రోడ్డు వంతెన ఉంది, దానికి నీళ్ళలో నాలుగు స్తంభాలు. ఊళ్ళో వాటిని కాళ్ళు అంటారు. మూడో కాలి చుట్టూ ఉన్న జాగా ఆమెకి తల్లి నుంచి వచ్చింది. అక్కడ ఇంకెవరూ మునగకూడదన్నది కాగితం మీద లేని కట్టుబాటు. కళ్ళు మూసుకుని దిగినా అరికాలికి ఆ అడుగంతా తెలుసు. ఎక్కడ ఇసుక గట్టిగా ఉంటుందో, ఎక్కడ పాత చెట్టు మొద్దు పూడుకుపోయి ఉందో, స్తంభానికి ఎగువన నీళ్ళు కాలిని కిందికి ఎక్కడ లాగుతాయో, అన్నీ.

జనవరిలో మొదటి వరద వచ్చింది. నాలుగు రోజులకి నీళ్ళు తేరుకున్నాయి. కెలెరా మూడో కాలి దగ్గర దిగి, కాలితో తడిమింది. ఏమీ తగల్లేదు. మునిగి రెండు చేతులూ మోచేతుల దాకా పెట్టి దేవింది. ఒక్క ఆల్చిప్ప లేదు. పోయిన నెల ఇక్కడే సంచి నిండింది. నేల ఎత్తు మాత్రం అంతే ఉంది. అదే లోతు, అదే చదును. చిప్పల్ని మాత్రం ఎవరో ఏరుకుపోయారు.

ఎవరో ఏంటి? పైకి తేలి చూస్తే ఉనైసి నాలుగో కాలి దగ్గర నిండు సంచి ఈడ్చుకుంటూ ఒడ్డుకి పోతోంది.

"ఏం మరదలా, ఇవాళ నీ సంచికి కడుపొచ్చిందే! తండ్రెవరో?" అంది కెలెరా.

"నీ సంచిలా గొడ్డుపోలేదులే వదినా," అంది ఉనైసి తల తిప్పకుండానే. "చేతిలో చలవుండాలి."

"చేతివాటం ఉన్నా చాలు."

ఉనైసి ఆగింది. సంచి కింద పెట్టింది. "ఏంటీ, మూడో కాలి దగ్గర నేను మునిగానంటావా? సూటిగా అను. గుండె మీద చెయ్యేసుకుని అను."

"నేనేమన్నాను? నది అంది."

"నది అంటే నదినే అడుగు. నన్నడక్కు," అని సంచి భుజాన వేసుకుని పోయింది.

కోపంగా పోవడం నిజం చెప్పేవాళ్ళ లక్షణమా, దొరికిపోయినవాళ్ళ లక్షణమా? వారం రోజులు కెలెరా ఈ లెక్క తేల్చుకోలేకపోయింది. పగలంతా గట్టు మీద చాప అల్లుతున్నట్టు కూర్చుని కాపు కాసింది. ఉనైసి మూడో కాలి ఛాయలకి రాలేదు. కాపు కాస్తున్నట్టు తెలిసిపోయిందేమో! ఇక లాభం లేదని, జాగా ఎవరిదో దొంగ కాలికి తగిలి తెలిసేలా హద్దురాయి లాంటిది ఒకటి వెయ్యాలనుకుంది. ఇసుకలో వెదురు గుచ్చితే పీకేస్తారు. ఎవరూ ఎత్తలేనిది కావాలి.

వంతెనకి కాస్త ఎగువన దొర్సామి ఇసుక తవ్వి అమ్ముతాడు. తాతల నాడు ఓడలెక్కి చెరకు తోటల్లోకి కూలికి వచ్చినవాళ్ళ సంతతి. నోరు పెద్దది, పొక్లెయిన్ పాతది. అతని షెడ్డు వెనక చెరకు బళ్ళు నడిచే పాత రైలు పట్టా ముక్కలు పడున్నాయి. కెలెరా బుట్టెడు ఆల్చిప్పలు ఇచ్చి, రెండు నిలువుల ముక్క ఒకటి పొక్లెయిన్‌తో తన పంటు మీదకి ఎత్తించి, మూడో కాలి పక్కన అడుగున అడ్డంగా పడుకోబెట్టించింది.

"ఎందుకక్కా ఇది? నదికి మంచం వేస్తున్నావా?" అన్నాడు దొర్సామి.

"నీకెందుకు?"

"నాకెందుకు! తవ్వేది నేను, రేపు ఇది నా బకెట్‌కి తగిలితే పళ్ళు రాలేదీ నాకే."

"ఇటు తవ్వడానికి రాకు, అప్పుడు తగలదు," అంది. అని, ఆ పట్టా ఎక్కడ పడిందో తెలిసిన రెండో మనిషి ఇతనే కదా అనుకుంది.

ఫిబ్రవరి ఆఖర్న పెద్ద వాన. కొండల మీద మూడు రోజులు ఆగకుండా కురిసింది. నది ఎర్రగా, చెట్లతో సహా, వంతెన నడుం దాకా లేచింది. నీళ్ళు తీశాక కెలెరా దిగింది. పట్టా లేదు. నాలుగు వైపులా తడిమింది. నేల ఎప్పట్లాగే చదునుగానే ఉంది, కాస్త మెత్తగా తగిలింది. నలుగురు మగాళ్ళు కలిస్తే గానీ కదలని ఇనుము మాయమైంది. ఉనైసి ఎంత బలిసినా అది ఆమె పని కాదు. దాన్ని ఎత్తగలిగింది ఆ చుట్టుపక్కల ఒక్కటే, దొర్సామి యంత్రం.

ఒంటి నీళ్ళు కారుతుండగానే షెడ్డుకి పోయింది. దొర్సామి రొట్టెలో బంగాళాదుంప కూర చుట్టుకుని తింటున్నాడు.

"నా పట్టా ఏదిరా?"

"ఏ పట్టా? నువ్వు నదికిచ్చిన మంచమా?"

"ఇచ్చినట్టే ఇచ్చి మళ్ళీ ఎత్తుకొచ్చావు. దానితో పాటు నా జాగాలో ఇసుక కూడా తోడుకుంటున్నావు. అందుకే చిప్పల్లేవు. ఇన్నాళ్ళూ ఆ ఉనైసిని అనుమానించి నోరు పాడుచేసుకున్నా!"

దొర్సామి రొట్టె పక్కన పెట్టి, చెయ్యి తుడుచుకుని, ఆమెని షెడ్డు వెనక్కి తీసుకుపోయాడు. పొక్లెయిన్ చెయ్యి విరిగి నేలమీద పడి ఉంది. దాని మీద కోడి పొదుగుతోంది. "వరదకి ముందే విరిగిందక్కా. సామాను లౌతోకా పట్నం నుంచి రావాలి. దీంతో దొంగతనం చెయ్యాలంటే ముందు ఈ కోడిని ఒప్పించాలి."

కెలెరా గుడ్ల కేసి చూసింది. కోడి పొదగడం మొదలెట్టి పదిరోజులకి తక్కువ కాలేదని కోడి వాలకమే చెబుతోంది. అనుమానానికి దారి మూసుకుపోయింది.

దొర్సామి గోడకి ఆనించిన ఇరవై అడుగుల ఇనుప ఊచ ఒకటి తీసి ఇచ్చాడు. "తీసుకో. పొడిచి చూడు. దొంగ నేల కిందే ఉన్నాడేమో." వేళాకోళానికే అన్నాడు. కెలెరా మాత్రం పట్టుకుపోయింది.

పంటు మీద నిలబడి ముందు రెండో కాలి దగ్గర ఊచ దింపింది. అడుగుకి తగిలాక బలంగా నొక్కితే మోచెయ్యంత దిగి ఆగిపోయింది. నాలుగో కాలి దగ్గరా అంతే. మూడో కాలి దగ్గర దింపింది. నొక్కలేదు. ఊచ బరువుకే అది దిగడం మొదలెట్టింది. పిండి బస్తాలో దబ్బనం దిగినట్టు దిగింది. అర నిలువు, నిలువు, నిలువున్నర. జానెడు ఊచ మాత్రం నీళ్ళ పైన మిగిలినప్పుడు కింద దేనికో తగిలి, టింగుమని చేతికి చప్పుడొచ్చింది. ఇనుము మీద ఇనుము.

పట్టాని ఎవరూ ఎత్తుకుపోలేదు. అది కిందికి పోయింది. పదకొండడుగుల కిందికి. కానీ ఇనుప పట్టా దానంతటది అంత లోతుకి ఎలా దిగుతుంది? పంటు మీద చాలాసేపు కూర్చుని ఆలోచించింది. స్తంభానికి కొట్టుకున్న నీళ్ళు అక్కడ కిందికి దిగి సుడి తిరుగుతాయి. ఆ లాగుడు ఆమె కాలికి ఎప్పుడూ తెలిసిందే. మామూలు రోజుల్లో అది కాలినే లాగుతుంది. వరదలో ఇసుకని లాగుతుంది. వరద ఉధృతంగా ఉన్నప్పుడు అక్కడ పెద్ద గొయ్యి పడింది. పట్టా ఆ గోతిలోకి జారింది. ఆల్చిప్పలు కొట్టుకుపోయాయి. నీళ్ళు తీస్తుంటే నది ఎక్కడెక్కడి ఇసుకో తెచ్చి గొయ్యి పూడ్చి, పైన చదును చేసి, ఏమీ ఎరగనట్టు పారుతోంది.

"అమ్మ దొంగా!" అంది కెలెరా నదితో. ఆరేళ్ళుగా నమ్మింది ఈ నేలనే.

తలెత్తి చూస్తే పైన బా పట్నం బస్సు వంతెన దాటుతోంది. కిటికీల్లో స్కూలు పిల్లలు.

ఊరిపెద్ద విని గడ్డం గోక్కున్నాడు. నదిలో చేపల హక్కుకి పరిహారం కావాలని ఊరు పెట్టుకున్న అర్జీ సర్కారు దగ్గర నడుస్తోంది. "ఇప్పుడు మనం వంతెన గురించి నోరెత్తితే అర్జీ కోసం అబద్ధం ఆడుతున్నామంటారు. కొన్నాళ్ళాగు కెలెరా."

"కొన్నాళ్ళు నది ఆగుతుందా?"

"నదితో నేను మాట్లాడలేదు," అని యంగోనా కషాయం గిన్నె కేసి తిరిగాడు.

మర్నాడు రెండు ప్లాస్టిక్ సంచులు పట్టుకుని పట్నంలో రోడ్ల ఆఫీసుకి పోయింది. ఒకదాంట్లో రెండో కాలి దగ్గరి ఇసుక. నల్లగా, చిప్పల పెంకులతో, బురద వాసనతో ఉంది. రెండోదాంట్లో మూడో కాలి ఇసుక. కడిగిన పంచదారలా ఉంది. కౌంటర్లో అమ్మాయి ఇసుక అమ్మడానికి వచ్చిందనుకుని వేరే కిటికీకి పొమ్మంది. వెనక బల్ల దగ్గర కూర్చున్న జోసెవతా మాత్రం తలెత్తి చూశాడు. వంతెనలన్నీ తిరిగి కొలతలు రాసుకోవడం అతని ఉద్యోగం. ఇంకో ఆరు నెలల్లో విరమణ. ముప్ఫయ్యేళ్ళుగా ఊళ్ళవాళ్ళు చెప్పే మాటలు వినీ వినీ, ఎవరేం చెప్పినా ఒక కన్ను సగం మూసి వింటాడు. కెలెరాకి అతన్ని చూడగానే తనలాంటి మనిషి కనపడ్డట్టయింది. అందుకని అతన్ని అసలు నమ్మలేదు.

ఏప్రిల్లో ఒక ఉదయం జోసెవతా వచ్చాడు. వంతెన మీద నుంచి తాడుకి కట్టిన సీసం గుండు నాలుగు కాళ్ళ దగ్గరా జారవిడిచి, ముడులు లెక్కపెట్టి, తొమ్మిదేళ్ళ నాటి పటంతో సరిచూసుకున్నాడు.

"అంగుళం తేడా లేదమ్మా. నది ఎక్కడున్నది అక్కడే ఉంది. మీ ఊరి అర్జీ కూడా ఎక్కడున్నది అక్కడే ఉందని విన్నాను." ఒక కన్ను సగం మూశాడు.

"నీ గుండు నేల తగలగానే ఆగిపోద్ది," అంది కెలెరా. "ఆ నేల ఎప్పటిదో చెప్తుందా? నిన్నటిదా, మా అమ్మమ్మ కాలందా?"

జోసెవతా పెన్సిల్ ఆగింది. "అంటే?"

"మూడో కాలి కింద ఇసుక కొత్తది. దాంట్లో ప్రాణం లేదు. వరదలో గొయ్యి పడుతుంది, వరద పోతే పూడుతుంది. నువ్వు ఎండలో వచ్చి కొలుస్తావు. నీకేం కనపడుతుంది?"

అతను పటం మడిచాడు. ఆ వంతెన తెల్లదొరల కాలంలో కట్టింది. పునాది ఎంత లోతు ఉందో చెప్పే కాగితం ఆఫీసులో ఎక్కడా లేదు. ఆ సంగతి ఆమెతో అనలేదు. "నువ్వు చెప్పేది పుస్తకాల్లో ఉన్నమాటే. కానీ నువ్వు చెప్పావని నేను రాయలేను. నీకు పోయిన చిప్పల బాధ ఉంది. మీ ఊరికి అర్జీ ఉంది. ఒక పని చెయ్యి. ఈ ఊళ్ళో నువ్వంటే బొత్తిగా గిట్టని మనిషెవరైనా ఉంటే పిలువు. వాళ్ళు మునిగి చూసి ఇదే మాట చెప్తే నమ్ముతా."

గట్టు మీద బట్టలు పిండుతున్న ఉనైసి అప్పటికే నవ్వుతోంది. "ఇంకెవరయ్యా, నేనున్నాగా! ఈవిడ నన్ను దొంగంది. నాకంటే గిట్టనిది తవువా దాకా వెతికినా దొరకదు."

తవువా పేరెత్తడం కావాలనే. కెలెరా గట్టుకి దిగి ఊచ అందించింది. ఇది ఇప్పుడు అబద్ధం చెప్తుంది, అనుకుంది. అన్నకోసం మూడేళ్ళు అబద్ధం మోసిన మనిషి, పగ కోసం మూడు నిమిషాలు మొయ్యదా?

ఉనైసి రెండో కాలి దగ్గర మునిగింది. ఊచ కాస్త దిగి నిలిచిపోయింది. తేలి ఊపిరి పీల్చుకుని మూడో కాలికి పోయింది. మళ్ళీ మునిగింది. వంతెన మీద నుంచి చూస్తున్న జోసెవతాకి ఊచ పైభాగం ఒక్కటే కనపడుతోంది. అది నిలబడ్డట్టే నిలబడి, నెమ్మదిగా కిందికి పోవడం మొదలెట్టింది. ఆగలేదు. నది దాన్ని నోట్లో పెట్టుకుని మింగుతున్నట్టు పోయింది. జోసెవతా రెండు కళ్ళూ పూర్తిగా తెరుచుకున్నాయి.

ఉనైసి తేలి, దగ్గి, జుట్టు వెనక్కి తోసుకుంది. "చచ్చిన ఇసుక," అంది. "నొక్కక్కర్లేదు. కాలు పెడితే మోకాలు పోతోంది. నాకు భయమేసింది." గట్టుకి వచ్చి, "ఈవిడంటే నాకిప్పటికీ గిట్టదు. అది కూడా రాసుకో," అంది.

జోసెవతా నిజంగానే రాసుకున్నాడు. "పరస్పర వైరం గల ఇద్దరు స్త్రీలు వేర్వేరుగా ధ్రువీకరించారు."

అతను పోయాక ఇద్దరూ గట్టు మీద నిమ్మాకు టీ తాగుతూ వణుకుతున్నారు. కెలెరా ఇక ఓపిక పట్టలేక అడిగింది. "నిజం ఎందుకు చెప్పావ్?"

"ఇసుక గురించి అడిగాడు. చెప్పాను. నా కొడుకు కూడా ఆ బస్సులోనే పోతాడు."

"మీ అన్న సంగతి నేనడిగుంటే అప్పుడూ ఇలాగే చెప్పేదానివా?"

ఉనైసి కప్పులోకి చూసింది. "చెప్పేదాన్ని కాదు," అంది. "అన్న కదా వదినా."

అవునని ఉంటే కెలెరా నమ్మేది కాదు. కాదన్నది కాబట్టి నమ్మింది. కెటిల్‌లో మిగిలిన టీ ఆమె కప్పులో పోసింది.

జూన్లో చెరకు మిల్లు ఆడడం మొదలయ్యే సమయానికి వంతెన మొదట్లో బోర్డు వచ్చింది. చెరకు లారీలు పోకూడదు, బస్సు ఖాళీగా దాటాలి, జనం దిగి నడవాలి. లారీలు ఎగువన కొండ దారి మీదుగా పదహారు మైళ్ళు చుట్టు తిరగాలి. రైతులు మండిపడ్డారు. కొండ దారి లారీల వాళ్ళు కెలెరాకి డబ్బిచ్చారన్నారు. దొర్సామి ఇసుక ధర పెంచడానికి ఆమెతో కుమ్మక్కయ్యాడన్నారు. మార్కెట్లో ఆమె కుప్ప దగ్గర ఆగేవాళ్ళు తగ్గారు. ఒక రోజు ఆమె పంటు తాడు ఎవరో కత్తితో కోశారు. పంటు నదీముఖం దాకా కొట్టుకుపోయి మడచెట్లకి తగులుకుంది. ఉనైసి తన కొడుకుని పంపి తెప్పించింది. ఎవరు కోశారో కెలెరా ఆరా తీయలేదు. ఊళ్ళో సగం మంది మీద అనుమానమైతే ఆరా ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

స్తంభం చుట్టూ బండరాళ్ళు పోయించాలని జోసెవతా రాశాడు. వచ్చే ఏడాది చూద్దామన్నారు ఆఫీసులో. సెప్టెంబరులో అతను విరమణ చేసి, ఆఖరిసారి వచ్చాడు. తన కొలతల కాగితాల నకలు, ఆఫీసు ఇచ్చిన జవాబుతో సహా, ఉనైసి చేతికిచ్చాడు.

"కనిపెట్టింది నేను, కాగితం దానికా?" అంది కెలెరా.

"నీ దగ్గర దొరికితే నువ్వే రాసుకున్నావంటారమ్మా," అన్నాడు. అతని చోట ఉంటే కెలెరా కూడా అలాగే అని ఉండేది. అతను కందావు దీవిలో సొంతూరికి పోయాడు.

డిసెంబరులో తుఫాను వచ్చింది. ఊరి మీదుగా కాదు, పక్కనుంచి పోయింది. కానీ కొండల మీద కుండపోత. ఆదివారం పొద్దున్న జనం చర్చిలో రెండో పాట పాడుతుండగా నది వైపు నుంచి పెద్ద చప్పుడైంది. ఉరుమైతే చివర సాగుతుంది. ఇది ముక్కలా తెగిపోయింది. పాట ఆగింది. అందరూ గట్టుకి పరుగెత్తారు. మూడో కాలు నిలువునా కిందికి కుంగి, పక్కకి వాలి ఉంది. దాని మీది రోడ్డు రెండు ముక్కలై, మధ్యలో ఎర్రనీళ్ళు దూకుతున్నాయి. ఆ ఉదయం వంతెన మీద మనిషి లేడు. వాన మొదలైనప్పుడే బస్సు ఆగిపోయింది. దొర్సామి ట్రక్కు అవతలి ఒడ్డున చిక్కుకుపోయింది, అంతే.

ఎవరూ కెలెరా కేసి చూడలేదు. ఇంతకు ముందు చూసిన చూపులే నయం అనిపించింది ఆమెకి.

జనవరిలో రాజధాని సువా నుంచి విచారణకి కుర్ర ఇంజనీరు ఒకడు వచ్చాడు. స్కూలు గదిలో ఊరంతా కూర్చుంది. అతను ముందు దొర్సామిని అడిగాడు, ఎంత తవ్వావు, ఎక్కడ తవ్వావు అని. దొర్సామి చెమటలు కక్కుతూ చెప్పాడు. తర్వాత ఇంజనీరు ల్యాప్‌టాప్ మీద నుంచి తలెత్తి, "ఆ స్తంభం దగ్గర ఆల్చిప్పలు తీసేదెవరు?" అన్నాడు.

కెలెరా లేచింది.

"ఎన్నేళ్ళుగా తవ్వుతున్నారక్కడ?"

"తవ్వడం కాదయ్యా, ఏరడం."

"ఇసుకలోంచే కదా తీస్తారు? రోజూ? మీ తల్లి కాలం నుంచీ?" అని ఏదో టైపు చేసుకున్నాడు. వెనక బల్లల మీద రైతులు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. గుసగుస లేచింది. కెలెరాకి అరికాళ్ళ కింద మళ్ళీ ఆ మెత్తదనం తగిలినట్టయింది. బస్సులోంచి జనాన్ని దించింది ఈవిడే, వంతెన కూల్చిందీ ఈవిడే అని రేపు పేపర్లో వస్తుంది. దీనికోసమే కాబోలు పిలిచింది.

"ఓ బాబూ," అంది ఉనైసి వెనక నుంచి. కీర్తనల పుస్తకంలోంచి మడత కాగితాలు తీస్తూ ముందుకి వచ్చింది. "ఊపిరి బిగబట్టి ఉత్త చేతుల్తో మేం పదకొండడుగుల గొయ్యి తవ్వగలమంటే, ఈ దేశంలో ఇసుక కాంట్రాక్టులన్నీ మాకిచ్చెయ్యండి. ఈ దొర్సామి పొక్లెయిన్‌ని కోళ్ళకి వదిలేస్తాడు."

గదిలో ఎవరో నవ్వారు. దొర్సామే అయ్యుంటాడు.

"ఇదిగో మీ ఆఫీసు మనిషే రాసింది. ఏప్రిల్లో. కింద సంతకం చూడండి. ఈవిడ ముందే చెప్పింది. నేను మునిగి చూశా. మీ వాళ్ళు వచ్చే ఏడాదన్నారు. అదీ ఉంది."

ఇంజనీరు కాగితాలు చదివాడు. మొదటి పేజీ మళ్ళీ చదివాడు. 'పరస్పర వైరం గల' దగ్గర ఆగి, ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "ఇది నిజమేనా?"

"ఏది, వైరమా?" అంది ఉనైసి. "అది నిజం. మిగతాదీ నిజమే."

నాలుగు నెలలకి నివేదిక వచ్చింది. వరద కోత వల్ల, పునాది లోతు చాలక స్తంభం కుంగిందని రాశారు. దాంట్లో ఆడవాళ్ళ పేర్లు లేవు, మంచికీ చెడుకీ. కెలెరాకి అది చాలనిపించింది. ఉనైసికి మాత్రం ఒళ్ళు మండింది. "కనీసం చివర్లో ఎక్కడైనా రాయొచ్చుగా!" అని వారం రోజులు సణిగింది. రైతుల్లో ఒకాయన కర్రపెండలం గంప తెచ్చి కెలెరా గుమ్మంలో పెట్టాడు. "ఎందుకివి?" అని అడిగింది. చెప్పలేక నిలబడ్డాడు. ఆ నిలబడడం చూసి గంప లోపల పెట్టుకుంది.

ఇప్పుడు నది దాటడానికి పంటే దిక్కు. వంతెనకి దిగువన కొత్త కాళ్ళ కోసం పెద్ద మరతో నేల తొలుస్తున్నారు. వానలు లేనన్నాళ్ళూ ఆ చప్పుడే. ఇద్దరు ఆడవాళ్ళూ అర మైలు కిందికి మారి, కొత్త జాగాలు పట్టుకున్నారు. అక్కడ చిప్పలు చిన్నవి. హద్దుల విషయంలో ఇద్దరికీ రోజూ తగువే.

తొలిచే మేస్త్రీ ఒక రోజు పంటు మీద అవతలికి పోతూ కెలెరాని పలకరించాడు. "ఈసారి చాలా లోతుకి పోతున్నామమ్మా, రాయి తగిలేదాకా. ఇక భయం లేదు. ఈ వంతెనని నమ్మొచ్చు."

కెలెరా ఎప్పటిలా ఒక క్షణం ఆగి, అతని మొహం చూసింది.

"ఒక వరద రానీ, పోనీ," అంది. "దిగి చూసి చెప్తాం."

"చెప్తాం ఏంటి?" అంది పంటు అవతలి కొసన ఉన్న ఉనైసి. "నేను మునుగుతానని ఎవరు చెప్పారు నీకు?"

పోటు తగ్గుతోంది. ఇద్దరూ సంచులు నడుముకి కట్టుకున్నారు.